పచ్చ గుండ్రంలో చెవులపిల్లి, పట్టికలో లేని బీడు

బెంగళూరు యలహంకలో మేముండే అపార్ట్‌మెంట్ వాట్సాప్ బృందంలో నీళ్ళ ట్యాంకర్లు, లిఫ్టు మరమ్మతులు తప్ప వేరే మాట వినపడదు. ఈమధ్య ఒక ఆదివారం మాత్రం కుందేలు మీద పొద్దున మొదలైన వాదన రాత్రి దాకా సాగింది. హెసరఘట్ట వైపు నడకకు వెళ్ళిన ఒకాయన రోడ్డు మీద వాహనం కింద పడి చచ్చిన కుందేలు ఫొటో పెట్టి, "అంతరించిపోతున్న జంతువు, చూడండి మన నిర్వాకం" అని రాశారు. పది నిమిషాల్లో మూడో అంతస్తు కుర్రవాడు ఇంకో బొమ్మ పెట్టాడు. అందులో ఒక పచ్చని గుండ్రం, గుండ్రంలో రెండు ఇంగ్లీషు అక్షరాలు. ప్రపంచ సంస్థ వాళ్ళే ఈ జంతువుకు ప్రమాదం లేదంటున్నారని అతని మాట. "మా హిందూపురం పక్క చేలల్లో చిన్నప్పుడు పదడుగులకొకటి లేచేది, ఇప్పుడు సంవత్సరానికి ఒకటి కనిపిస్తే గొప్ప" అని ఒక పెద్దాయన. "మా మామగారి ఊళ్ళో వేరుశనగ మొలకలన్నీ అవే తినేస్తున్నాయి" అని మరొకరు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు ఎవరూ తగ్గలేదు.

నలుగురూ చెప్పిన నాలుగు మాటల్లో అబద్ధం దాదాపు లేదు. కాకపోతే ఆ వాదనలో నాలుగు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ప్రపంచం మొత్తం మీద ఈ జాతి ఉంటుందా అన్నది ఒక ప్రశ్న. మన ఊరి పక్కన ఉంటుందా అన్నది ఇంకొకటి. చంపితే నేరమా అన్నది మూడోది. దానివల్ల నష్టపోయేదెవరు అన్నది నాలుగోది. వీటిని కలగలిపితే చిక్కు, విడదీస్తే చాలావరకు తేలిపోతుంది.

ఒకే మాట కింద రెండు జంతువులు

మొదటి చిక్కు మన భాషలోనే ఉంది. కుందేలు అన్నా, చెవులపిల్లి అన్నా, చందమామను శశాంకుణ్ణి చేసిన శశం అన్నా మనకు అన్నీ ఒకటే. ఇంగ్లీషులో మాత్రం రాబిట్ వేరు, హేర్ వేరు. తేడా పేరులోనే కాదు, బతుకులోనే ఉంది. రాబిట్ నేలలో బొరియ తవ్వుకుంటుంది. దాని పిల్లలు వెంట్రుకలు లేకుండా, కళ్ళు తెరవకుండా పుడతాయి. బొరియ వెచ్చగా కాపాడుతుంది కాబట్టి వాటికి ఆ మాత్రం తీరిక ఉంది. హేర్ బొరియ తవ్వదు. గడ్డి దుబ్బు కిందో, తంగేడు పొద కిందో నేలను ఒంటితో ఒత్తి, ఆ పల్లంలో పగలంతా చెవులు వెనక్కి వాల్చి పడుకుంటుంది. పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుడతాయి. దాక్కోవడానికి గోడలు లేని ఇంట్లో పుట్టినవాళ్ళు అలా పుట్టక తప్పదు.

దక్షిణాది చేలల్లో, బీళ్ళలో మనకు కనిపించేది రెండో రకం. మెడ వెనక నల్లని మచ్చ దాని గుర్తు. లెపస్ నైగ్రికాలిస్ అనే శాస్త్రీయ నామానికి అర్థం కూడా నల్ల మెడ అనే. దుకాణాల్లో పంజరంలో అమ్మే తెల్లవి, గోధుమవి రాబిట్లు. వాటి పూర్వీకులు నైరుతి యూరప్ అడవి కుందేళ్ళు. ఈ వ్యాసంలో మన పొలాలదాన్ని చెవులపిల్లి అనే పిలుస్తాను. రాయలసీమలో పెరిగినవాడికి ఆ పేరే ముందు నోటికొస్తుంది, పైగా గందరగోళమూ తగ్గుతుంది.

ఈ తేడా ఎందుకింత ముఖ్యమంటే, 2019లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, తన ఎర్ర జాబితాలో యూరప్ కుందేలును "ప్రమాదంలో ఉన్న" వర్గంలోకి మార్చింది. ఆ కబురు తెలుగులోకి వచ్చేసరికి "కుందేలు అంతరిస్తోంది" అవుతుంది. పక్కన వేయడానికి దొరికే బొమ్మ మన చెవులపిల్లిది. బృందంలో మొదటి సందేశం పెట్టిన ఆయన చదివింది కూడా ఇలాంటి కబురే అయి ఉండాలి.

యూరప్ కుందేలు కథ విడిగా చెప్పుకోదగ్గది. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదా కోసం ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో రెండు డజన్ల కుందేళ్ళను వదిలాడు. కొన్ని దశాబ్దాల్లో అవి ఖండంలో చాలా భాగం పాకి, పచ్చిక మిగల్చకుండా తిని, ఇప్పటికీ ఆ దేశానికి తలనొప్పిగానే ఉన్నాయి. అలాంటి జంతువు ప్రమాదంలో ఉందంటే నవ్వొస్తుంది. కానీ ఎర్ర జాబితా లెక్క వేసేది ఆ జాతి సహజంగా పుట్టి పెరిగిన చోటునే. మనుషులు మోసుకెళ్ళి వదిలిన చోట ఎన్ని కోట్లున్నా లెక్కలోకి రావు. పుట్టింటి స్పెయిన్‌లో 1950ల నుంచి మిక్సోమటోసిస్ అనే వైరస్ జబ్బు, 1980ల చివరి నుంచి రక్తస్రావ వ్యాధి వాటిని ఊడ్చేశాయి. దాని మీదే బతికే ఐబీరియన్ లింక్స్ అనే అడవి పిల్లి ఒక దశలో అంతరించే అంచు దాకా వెళ్ళింది. ఒకే జంతువు ఒక ఖండంలో చీడ, ఇంకో ఖండంలో కరువు. ప్రశ్న ఎప్పుడూ "ఎక్కడ?" అన్నదే.

పచ్చ గుండ్రం వెనక ఉన్న లెక్క

కుర్రవాడు పెట్టిన పచ్చ గుండ్రానికి వద్దాం. ఐయూసీఎన్ ఎర్ర జాబితా 1964లో మొదలైంది. తొలి దశాబ్దాల్లో నిపుణుల అంచనాలే ఎక్కువ. 1994లో అంకెలతో కొలిచే కొలమానాలు వచ్చాయి. ఇప్పుడు వాడుతున్న రూపం 2001 నాటిది. ఈ జాబితాలో 1.6 లక్షలకు పైగా జాతులున్నాయి. ప్రతిదానికీ ఒక వర్గం. కింది నుంచి పైకి చెబితే తక్కువ ఆందోళన, ప్రమాదపు చేరువ, హానికి లోనయ్యే స్థితి, ప్రమాదం, తీవ్ర ప్రమాదం. ఆ పైన అడవిలో లేనివి, అసలే లేనివి. సమాచారం చాలని వాటికి వేరే గడి ఉంది.

మన చెవులపిల్లి "తక్కువ ఆందోళన" (లీస్ట్ కన్సర్న్, గుండ్రంలోని ఎల్‌సీ అంటే అదే) గడిలో ఉంది. ఇక్కడ అనువాదమే సగం తంటా తెస్తుంది. "ఆందోళన లేదు" అని చదువుకుంటాం. అసలు మాట "మిగతావాటితో పోలిస్తే తక్కువ" అని మాత్రమే. ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సు ముందు ఎవరిని లోపలికి పంపాలో చూస్తుంది కదా, ఆ వరుసలో చివర కూర్చోబెట్టిన మనిషికి జబ్బు లేదని అర్థం కాదు.

గడి మారాలంటే కొలమానాలు ఐదు. అన్నిటికంటే ఎక్కువగా వినిపించేవి రెండు. మొదటిది తగ్గుదల వేగం. గత పదేళ్ళలో లేదా మూడు తరాల్లో, ఏది ఎక్కువ కాలమైతే అందులో, జాతి మొత్తం సంఖ్య కనీసం 30 శాతం పడిపోయి, ఆ కారణం ఇంకా ఆగకుండా ఉంటే "హానికి లోనయ్యే స్థితి". 50 శాతమైతే ప్రమాదం, 80 శాతమైతే తీవ్ర ప్రమాదం. చెవులపిల్లి లాంటి కొద్దికాలం బతికే జంతువుకు ఇది సుమారుగా పదేళ్ళ లెక్కే. రెండోది విస్తీర్ణం. జాతి వ్యాపించిన మొత్తం పరిధి 20,000 చదరపు కిలోమీటర్ల కంటే తక్కువై, దానితో పాటు నివాసం ముక్కలు కావడం, క్షీణత ఆగకపోవడం వంటి షరతులు కూడా తోడైతేనే గడి మారుతుంది. మిగిలిన మూడింటిలో రెండు బాగా కొద్దిగా మిగిలిన జాతుల కోసం, ఒకటి అంతరించే అవకాశాన్ని గణితంతో లెక్కగట్టేది.

చెవులపిల్లి పరిధి భారతదేశంలో చాలా భాగం, పాకిస్తాన్, శ్రీలంక. మన దేశం ఒక్కటే దాదాపు 32.87 లక్షల చదరపు కిలోమీటర్లు. బెంగళూరు నగర జిల్లా సుమారు 2,200. జిల్లా మొత్తం మీద ఒక్క చెవులపిల్లి మిగలకపోయినా విస్తీర్ణపు లెక్కలో అది చెమ్మ కూడా కాదు.

పది ఊళ్ళ లెక్క: జాతి తగ్గనట్టే ఉంటుంది, ఊరిలో ఉండదు

ఇదెలా జరుగుతుందో అంకెలతో చూస్తే తేలిక. కింది అంకెలు నేను ఉదాహరణ కోసం కల్పించుకున్నవి, ఎవరూ లెక్కపెట్టినవి కావు.

ఒక జాతి పది సమానమైన ప్రాంతాల్లో ఉందనుకోండి. ఒక్కోదానిలో వెయ్యి, మొత్తం పదివేలు. పదేళ్ళలో వాటిలో ఒకటి పెద్ద నగరమైంది. అక్కడ వెయ్యిలో వంద మిగిలాయి. నగరానికి దగ్గరి మూడు ప్రాంతాల్లో పది శాతం చొప్పున తగ్గి 2,700 అయ్యాయి. మిగిలిన ఆరింటిలో ఏ మార్పూ లేదు, 6,000. మొత్తం 8,800. పన్నెండు శాతం తగ్గుదల. 30 శాతం గీతకు ఆమడ దూరం. గుండ్రం పచ్చగానే ఉంటుంది, ఉండాలి కూడా, ఎందుకంటే అది అడిగిన ప్రశ్నకు అదే సరైన జవాబు.

ఇప్పుడు అదే కొలమానాన్ని నగరప్రాంతానికి మాత్రమే పెట్టి చూడండి. 90 శాతం తగ్గుదల, సూటిగా తీవ్ర ప్రమాదం. ఇలా చూడటం మన చమత్కారం కాదు. దేశాలూ రాష్ట్రాలూ సొంత జాబితాలు తయారుచేసుకోవడానికి ఐయూసీఎన్ ప్రాంతీయ మార్గదర్శకాలు విడిగా ఉన్నాయి. వాటిలో ఒక తెలివైన మెలిక ఉంది. పక్క ప్రాంతం నుంచి జంతువులు వచ్చి చేరే వీలుంటే వర్గాన్ని ఒక మెట్టు దించవచ్చు. దొడ్డబళ్ళాపురం వైపు నుంచి చెవులపిల్లులు నడిచి రాగలిగితే తీవ్ర ప్రమాదం కాస్తా ప్రమాదం అవుతుంది. కానీ రావడానికి దారి ఉండాలి, వచ్చాక పడుకోవడానికి పొద ఉండాలి. ఆరు వరుసల రహదారీ, లేఅవుటు చుట్టూ ప్రహరీగోడా ఉన్నచోట ఆ మెట్టు దించడానికి లేదు.

హిందూపురం పెద్దాయనా, మూడో అంతస్తు కుర్రవాడూ కొట్లాడుకున్నది ఈ రెండు లెక్కల మధ్యనే. ఒకాయన ఒక గడిలో నిలబడి చూస్తున్నాడు, రెండో అతను పదింటినీ విమానంలోంచి చూస్తున్నాడు.

బీడు అంటే ఖాళీ అని ఎవరన్నారు

చెవులపిల్లి దట్టమైన అడవి జంతువు కాదు. దానికి పొట్టి గడ్డి, మధ్య మధ్య రేగు, తంగేడు పొదలు, అంచున ఉలవచేనో రాగిచేనో ఉంటే చాలు. సాయంత్రం చీకటి పడ్డాక బయటికొచ్చి తెల్లవారే దాకా మేస్తుంది. వట్టి గడ్డి ఉంటే పగలు దాక్కునే చోటుండదు, వట్టి అడవి అయితే మేత ఉండదు. అంటే మన భాషలో ఏ పేరూ సరిగ్గా పెట్టని నేల. బీడు అంటాం, బంజరు అంటాం, మేత పోరంబోకు అంటాం. కర్ణాటక రెవెన్యూ పుస్తకాల్లో గోమాళ అంటారు, పశువుల మేతకు వదిలిన ఉమ్మడి నేల.

అసలు గొడవ ఈ పేర్లలోనే ఉందని నా అభిప్రాయం. బీడు అనగానే మనసులో "వాడుకోని నేల" అనే బొమ్మ పడుతుంది. బ్రిటిష్ హయాంలో శిస్తు రాని భూమిని పనికిరాని భూమిగా లెక్కగట్టారు. ఆ చూపు ఇంకా పోలేదు. కేంద్ర భూవనరుల విభాగం, హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం కలిసి తెచ్చిన బంజరు భూముల అట్లాసు 2019 ప్రకారం దేశంలో సుమారు 5.57 కోట్ల హెక్టార్లు, అంటే దాదాపు 17 శాతం నేల, బంజరే. ఆ లెక్కలో ఇసుక దిబ్బలు, ఉప్పునేలలు, రాతినేలలు, మంచు కప్పిన చోట్లు కూడా ఉన్నాయి కాబట్టి అంతా చెవులపిల్లి ఇల్లని అనలేం. కానీ పొదలున్న బయలు నేల అందులో పెద్ద పద్దు. చెట్లు లేకపోతే చెడిపోయిన నేల అనే లెక్క అది.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. అడవి కొడితే ఊరంతా గోల చేస్తుంది. బీడు దున్నితే అభివృద్ధి అంటాం. బీడులో మొక్కలు నాటితే ఏకంగా పర్యావరణ దినోత్సవం ఫొటో అవుతుంది. నీలగిరి, తుమ్మజాతి మొక్కలు వరుసగా నాటిన గడ్డినేల కొన్నేళ్ళకు నీడపడి గడ్డి పోగొట్టుకుంటుంది. దానితో చెవులపిల్లీ, కంజు పిట్టా పోతాయి. ఇది తెలుగు నేలకు కొత్త కాదు. బట్టమేక పిట్ట కోసం 1988లో కర్నూలు ప్రాంతంలో ప్రకటించిన రోళ్ళపాడు అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగాయి, బట్టమేక పిట్ట మాత్రం కనుమరుగైంది. గడ్డినేల అంటే ఏమిటో, అందులో ఎవరికి ఏం కావాలో విడివిడిగా చూడకపోతే మంచి ఉద్దేశం కూడా చాలదు.

బెంగళూరులో ఈ వాదనకు కేంద్రం హెసరఘట్ట. నగరానికి వాయవ్యంగా, అర్కావతి నది మీద 1894లో కట్టిన చెరువు పక్కన మిగిలిన గడ్డినేల అది. ఒకప్పుడు నగరానికి కుళాయి నీళ్ళిచ్చిన చెరువు. చుట్టూ నేలలో కొంత పశుసంవర్ధక శాఖది. చలికాలంలో వలస గద్దలు దిగే ఈ ప్రాంతాన్ని పరిరక్షణ రిజర్వుగా ప్రకటించాలన్న ప్రతిపాదన 2021లో రాష్ట్ర వన్యప్రాణి మండలి ముందుకు వస్తే తిరస్కరించారు. విషయం హైకోర్టుకు వెళ్ళింది. 2024 అక్టోబరులో అదే మండలి 5,678 ఎకరాలకు ఆమోదం తెలిపింది. చదరపు కిలోమీటర్లలో చెబితే సుమారు 23. ఇందాక చెప్పిన 20,000 పక్కన పెట్టి చూస్తే ఈ 23 ఎంత చిన్నదో, నగరం చుట్టూ మిగిలినవాటి పక్కన పెట్టి చూస్తే ఎంత పెద్దదో తెలుస్తుంది.

మూడేళ్ళలో నిర్ణయం తలకిందులైందంటే మొదటి సారి కాదన్నవాళ్ళు దుర్మార్గులని కాదు. చుట్టుపక్కల పల్లెలవారి భయం నిజమైనదే. రిజర్వు అంటే మేత ఆగిపోతుందా, పొలానికి దారి పోతుందా, భూమి ధర పడిపోతుందా? వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణతో వచ్చిన పరిరక్షణ రిజర్వు అనే ఏర్పాటు నిజానికి జాతీయ పార్కు కంటే చాలా మెత్తనిది. ప్రభుత్వ భూమిలోనే, స్థానికులను సంప్రదించే ఏర్పాటు చేయాలి, వారి హక్కులు రద్దు కావు. కానీ పట్టాదారుకు చట్టం మెత్తదనం కంటే గేటు దగ్గర కాపలాదారు మాట ముందు వినిపిస్తుంది.

నగరాన్ని ఆనుకున్న బన్నేరుఘట్టలో ఇదే తూకం ఇంకోలా తేలింది. జాతీయ పార్కు చుట్టూ ఉండే పర్యావరణ సున్నిత మండలం 2016 ముసాయిదాలో 268.96 చదరపు కిలోమీటర్లు. 2020 తుది ప్రకటనలో 168.84. వంద చదరపు కిలోమీటర్ల పైచిలుకు అంచు నేల కాగితం మీదే బయటికి పోయింది. చెవులపిల్లి బతికేది అడవి నడుమ కంటే ఇలాంటి అంచుల్లోనే.

నగరం తెచ్చే మరో చిక్కు కుక్కలు. బలమైన నేల ఎక్కడుందో తెలియాలంటే కుందేలు కుక్కను తరిమిన చోటు వెతకమంటారు కదా. విజయనగరం గురించి ఆ కథ చెబుతారు, బెంగళూరు గురించీ చెబుతారు. ఇప్పుడు నగరం చివర చెత్త కుప్పల దగ్గర పెరిగిన కుక్కల గుంపులు రాత్రి బీళ్ళలో తిరుగుతుంటాయి. తరిమేది ఎవరో చెప్పనక్కరలేదు.

ఇదే కుటుంబంలో నిజంగా ఆపదలో ఉన్నవి

చెవులపిల్లిది తక్కువ ఆందోళన అని ఎందుకన్నారో తెలియాలంటే దాని బంధువులను చూడాలి.

హిమాలయాల పాదాల దగ్గర తెరాయి మైదానాల్లో, మనిషి ఎత్తు రెల్లు, దర్భ జాతి గడ్డిలో బతికే గరుకు వెంట్రుకల కుందేలు ఒకటుంది. పొట్టి చెవులు, ముదురు రంగు. అది అంతరించిపోయిందనే అనుకున్నారు, 1971లో అస్సాంలో మళ్ళీ దొరికింది. ఇప్పుడు మానస్, దుద్వా, నేపాల్‌లోని శుక్లాఫాంటా వంటి కొన్ని రక్షిత ప్రాంతాల్లో తునకలు తునకలుగా మిగిలింది. వర్గం: ప్రమాదం. దాని కష్టం మన బీడు కష్టానికి అద్దంలో బొమ్మ లాంటిది. ఆ గడ్డిని ఏటా ఎండాకాలానికి ముందు తగలబెడతారు. తగలబెట్టకపోతే కొన్నేళ్ళలో చెట్లు మొలిచి గడ్డినేలే పోతుంది, ఖడ్గమృగానికి లేత మేతా పోతుంది. తగలబెడితే పారిపోవడానికి చోటు లేని కుందేలు, అక్కడే బతికే మరుగుజ్జు పంది దెబ్బతింటాయి. అందుకే నిపుణులు ముక్కలు ముక్కలుగా, ఏటా వేరే చోట కాల్చమంటారు. నిప్పు కావాలి, మొత్తానికి ఒకేసారి కాదు.

మెక్సికో నగరం చుట్టూ ఉన్న అగ్నిపర్వతాల వాలులో దుబ్బుగడ్డిలో బతికే చిన్న కుందేలుదీ ప్రమాదపు వర్గమే. కోట్ల జనాభా నగరానికి అంత దగ్గర్లో, ప్రపంచంలో ఇంకెక్కడా లేని జాతి. దాని కొండలు దానికి ద్వీపాలు, మధ్యలోని లోయలు దాటలేదు. దక్షిణాఫ్రికా కరూ ఎడారి మైదానాల్లో ఎండిన వాగుల ఒడ్డు పొదల్లో ఉండే కుందేలు ఇంకో మెట్టు పైన, తీవ్ర ప్రమాదంలో ఉంది. ఆ వాగుల ఒడ్డునే మంచి మట్టి ఉంటుంది, రైతు నాగలి కూడా అక్కడికే వెళ్ళింది.

ఒక్క మంచి కబురు జపాన్ నుంచి. నల్ల కుందేలు ఉండే అమామి ఓషిమా ద్వీపంలో, పాములను తగ్గించడానికని 1979లో ముంగిసలను తెచ్చి వదిలారు. పాము రాత్రి తిరిగేది, ముంగిస పగలు తిరిగేది. రెండూ ఎదురుపడటమే తక్కువ. ముంగిసలు కుందేళ్ళను పట్టుకున్నాయి. దశాబ్దాల పాటు బోనులు పెట్టి, కుక్కలతో వెతికించి, 2024 సెప్టెంబరులో ద్వీపంలో ముంగిస లేదని జపాన్ ప్రభుత్వం ప్రకటించింది. కుందేళ్ళు తిరిగి పెరిగాయి. ఎంత పెరిగాయంటే ఇప్పుడు తోటల రైతులు ఫిర్యాదు చేస్తున్నారు.

చట్టం కుందేలును చూస్తుంది, పొదను చూడదు

ఎర్ర జాబితాకు చట్టబలం లేదు. మన దేశంలో శిక్ష వేసేది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. ఈ రెంటికీ గడులు వేరు, ఉద్దేశాలు వేరు. చట్టంలో రక్షణ స్థాయిని బట్టి జంతువులను వేసిన పట్టికలే షెడ్యూళ్ళు. పాత చట్టంలో చెవులపిల్లి నాలుగో షెడ్యూల్లో ఉండేది, అస్సాం గరుకు కుందేలు మొదటి షెడ్యూల్లో. 2022 సవరణ ఆరు షెడ్యూళ్ళను నాలుగుకు కుదించింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. గడి ఏదైనా, చెవులపిల్లిని చంపడమూ, ఉచ్చు వేసి పట్టడమూ నేరమే. ఉగాది వేళ సరదా వేటకు వెళ్ళే అలవాటు కర్ణాటక, రాయలసీమ పల్లెల్లో కొన్నిచోట్ల ఇంకా ఉంది. ఆచారమన్న మాట కోర్టులో నిలవదు. "ప్రమాదం లేదన్నారుగా, పట్టుకుంటే ఏమి?" అని మా బృందంలో ఒకరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. పచ్చ గుండ్రం వేటకు లైసెన్సు కాదు.

ఇక్కడొక వింత. ఉచ్చు వేసి ఒక చెవులపిల్లిని పట్టినవాడు నేరస్థుడు. అది పడుకునే ముప్పై ఎకరాల బీడును పొక్లెయిన్‌తో చదును చేసి ప్లాట్లు వేసినవాడికి, ఆ భూమి తనదై అనుమతులన్నీ ఉంటే, ఈ చట్టంతో పేచీ లేదు. రక్షిత ప్రాంతం బయట చట్టం జంతువు ఒంటిని కాపాడుతుంది, దాని ఇంటిని కాదు. సంఖ్య తగ్గేది ఎక్కువగా రెండో దారిలోనే.

రైతు, కాపరి, శాస్త్రవేత్త, ప్లాటు కొన్నవాడు

అయితే అందరూ దీన్ని పట్టించుకోవాలా? వాదనలు నాలుగు వైపుల నుంచి వస్తాయి, నాలుగింటికీ బలముంది.

డబ్బు, మనుషులు కొద్దిగా ఉన్నప్పుడు ముందు అస్సాం కుందేలును చూడాలి, బెంగళూరు చెవులపిల్లిని కాదు అంటారు జాబితాల పక్షం వారు. దీన్ని కొట్టిపారేయలేం. ఎదుటి పక్షం రాబందును చూపిస్తుంది. 1980లలో మన ఊళ్ళలో రాబందులకు లెక్కే లేదు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి మూత్రపిండాలను చెడగొట్టి, పదిహేనేళ్ళలో ఒక జాతిని 99 శాతానికి పైగా తుడిచేసింది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించేసరికి మిగిలింది చాలా కొద్ది. ఎక్కువగా ఉన్నదాన్ని ఎవరూ లెక్కపెట్టరు, లెక్కపెట్టనిది తగ్గినప్పుడు ఆలస్యంగా తెలుస్తుంది అని వారి వాదన. నన్నడిగితే రాబందు పోలిక సగమే సరిపోతుంది. చెవులపిల్లికి దేశమంతటా ఒక్కసారిగా విషం పెట్టే కారణం కనబడటం లేదు, ఇది ఊరూరా విడివిడిగా జరిగే తరుగు. కానీ లెక్కపెట్టడం గురించి వారన్నది పూర్తిగా నిజం.

రైతుది సూటి మాట. మొలక దశలో వేరుశనగ, ఉలవ, కూరగాయల నారు దానికి ఇష్టం. ఒక రాత్రిలో రెండు సాళ్ళు ఖాళీ అవుతాయి. బీడు తగ్గేకొద్దీ ఉన్నవన్నీ మిగిలిన చేలలోకి వస్తాయి కాబట్టి, జంతువు తగ్గుతున్నా ఒక్కో రైతుకు నష్టం పెరిగినట్టు కనిపించవచ్చు. మా బృందంలో ఒకరి వేరుశనగ కథా, హిందూపురం పెద్దాయన కథా ఒకేసారి నిజం కావడానికి ఇదొక దారి.

కాపరి వాదన అన్నిటికన్నా తక్కువ వినిపిస్తుంది. గొర్రెలు మేసే బీడులోనే గడ్డి పొట్టిగా, మేతకు లేతగా ఉంటుంది. మితంగా మేపితే చెవులపిల్లికి మేలే, మరీ మేపితే దాపు పోతుంది. మందను పూర్తిగా వెళ్ళగొట్టి కంచె వేస్తే కొన్నేళ్ళకు అది లంటానా అనే కలుపు పొదల అడవి అవుతుంది. కంచె వేసినవారు ఉద్దేశించింది అది కాదు.

ఇక ప్లాటు కొన్నవాడు. అందులో నేనూ ఉన్నాను. మా అపార్ట్‌మెంట్ ఉన్నచోట 2008లో దేవనహళ్ళిలో విమానాశ్రయం రాకముందు బీడూ, ద్రాక్షతోటలూ ఉండేవని పాల పోసే ఆయన చెబుతుంటాడు. అనంతపురం నుంచి పనికి వచ్చినవాళ్ళకు ఎక్కడో ఒకచోట గది కావాలి. నగరం నిలువుగా పెరిగితే బీడు తక్కువ పోతుందనీ, అడ్డంగా పెరిగితే ఎక్కువ పోతుందనీ లెక్క చెప్పవచ్చు. ఎవరు ఎక్కడ ఉండాలో మాత్రం ఆ లెక్క చెప్పదు.

పెంటికల లెక్క

మన బీడులో ఇంకా ఉందా లేదా తెలుసుకోవడానికి జంతువును చూడనక్కరలేదు. రాత్రి మెల్లగా వెళ్ళే వాహనం నుంచి దీపం వేసి, మెరిసే కళ్ళు లెక్కపెట్టడం ఒక పద్ధతి. పగటి పద్ధతి పెంటికల లెక్క. ఒక తాడు, ఒక మేకుతో నేల మీద సమానమైన వలయాలు గీసి, వాటిలో ఉన్న పెంటికలన్నీ ఏరి, కొన్ని వారాల తర్వాత అవే వలయాల్లో కొత్తగా ఎన్ని పడ్డాయో చూడాలి. ఏటా అదే నెలలో, అవే చోట్ల చేస్తే పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది. అసలు సంఖ్య తేలకపోయినా దిశ తేలుతుంది. మేక పెంటికలు నల్లగా, కోలగా, నున్నగా ఉంటాయి. చెవులపిల్లివి గుండ్రంగా, కాస్త అదిమినట్టు, లేత గోధుమ రంగులో, విరిస్తే లోపల గడ్డిపీచు కనిపిస్తుంది.

వాదన జరిగిన మరుసటి ఆదివారం హిందూపురం పెద్దాయన, మూడో అంతస్తు కుర్రవాడు, నేను కలిసి మా వెనక వీధి దాటాక ఉన్న బీడుకు వెళ్ళాం. మొదటి రెండు వలయాల్లో మేకవే. మూడోదానిలో, తంగేడు పొద మొదట్లో, గుప్పెడు. పెద్దాయన ఒకటి తీసి రెండు వేళ్ళతో నలిపి, పీచు చూపించి, "ఇది మనదే" అన్నాడు. కుర్రవాడు ఫోనులో చోటు గుర్తు పెట్టుకున్నాడు. నాలుగో వలయానికి మేకు దిగలేదు. అక్కడ ఎవరో అప్పటికే సర్వే రాయి పాతి, దాని మీద ఎర్రరంగుతో ఒక అంకె వేసి ఉంచారు.